ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా

బాష్పోత్సేకం పాఠం నడుమ, అచ్చయిన గైడు పేజీలో, సీతారామాంజనేయులు మాస్టారు ఫ్యాను తగ్గించమని అడుగుతున్నారు.

జిరాక్సు మిషను మూత ఎత్తిన ఉమారాణి చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆమె పుస్తకాన్ని తిప్పి పట్టుకుని మళ్ళీ చదివింది. "గాలి వేగం పెరిగేకొద్దీ ఆకు చుట్టూ ఉన్న తేమ కొట్టుకుపోయి బాష్పోత్సేకం హెచ్చుతుంది. ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా. గాలి మరీ ఎక్కువైతే పత్రరంధ్రాలు మూసుకుంటాయి."

తెనాలి బోసు రోడ్డులో పొద్దున్నే ఎండ షట్టరు దాకా వచ్చేసింది. ఊదొత్తి ఇంకా సగం కూడా కాలలేదు. ఎదురుగా రేపల్లె నుంచి వచ్చిన డిగ్రీ పిల్ల వైదేహి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ రోడ్డు వైపు చూస్తోంది.

"తొందరగా తియ్యండక్కా. ఎవరన్నా చూస్తారు."

"చూస్తే ఏంటి?"

ఆ పిల్ల లోపలి పేజీ తిప్పి చూపించింది. సర్వహక్కులు ప్రచురణకర్తవి. అనుమతి లేకుండా జిరాక్సు తీయుట నేరము. దాని పైన పెద్దక్షరాల్లో రచయిత పేరు: డాక్టర్ రవిశంకర్.

"మా బాటనీ సారండి. ఇది ఉంటేనే క్లాసుకి రానిస్తున్నాడు. నాది కాదు, మా ఫ్రెండుది. రేపల్లెలో తీయిస్తే ఆయనకి తెలిసిపోద్దని ఇక్కడిదాకా తెచ్చా."

"ఇంతకుముందు మీ కాలేజీ కంప్యూటర్లో ఒక పుస్తకం ఉండాలే?"

"ఉండేదండి. బాపట్ల మాస్టారెవరో రాశారంట. ఊరికే చదూకోవచ్చు, ఎక్కించుకోవచ్చు. మా సీనియర్లందరూ అదే చదివారు. మొన్న సెలవుల్లో వైరస్సొచ్చిందని తీసేశారు."

"వైరస్ వచ్చింది కంప్యూటర్‌కేనా?"

వైదేహికి ఆ మాట అర్థమైంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఉమారాణి ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "ఇది చూశావా?"

"చూడ్డమేంటక్కా, బట్టీ కొట్టా. స్లిప్ టెస్టులో కూడా రాశా."

"ఫ్యాను తగ్గించమ్మా అనా?"

"అనే. ఫుల్ మార్కులేశాడు. పుస్తకంలో ఉన్న లైను వదిలేస్తే కోసేస్తాడండి."

నవ్వు రావలసిన చోట ఉమారాణికి ఒళ్ళు మండింది. రాసినవాడు చదవలేదు, చెప్పేవాడు చదవలేదు, దిద్దేవాడు చదవలేదు. ఆ ముగ్గురూ ఒక్క మనిషే కావడం ఇంకా దారుణం.

ఆమె నందివెలుగు నుంచి రోజూ షేరాటోలో వస్తుంది. ఇంటర్ తరవాత చదువు ఆగిపోతే టైపు నేర్చుకుంది. టైపు మిషన్లు మూలపడ్డాక ఈ షాపులో డీటీపీ నేర్చుకుంది. మెడలో నల్లపూసలు, కుడి మణికట్టుకి నీలం క్రేపు బ్యాండేజీ, టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ పచ్చడి అన్నమే. భర్త వెంకట్రామయ్య రైసుమిల్లులో పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఆమె వేళ్ళు వంగని స్థితిలో ఉంటాయి. చపాతీ పిండి ఆయనే కలుపుతాడు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, పెద్దకర్మ కార్డులు. ఊళ్ళో సగం మంది శుభాశుభాలు ఆమె వేళ్ళ మీదుగా వెళ్ళినవే. వాటిలో ఒక్కటీ ఆమెకు గుర్తుండదు. చెవిలో పడ్డది, కంట పడ్డది నేరుగా వేళ్ళలోకి దిగిపోవాలి, మధ్యలో బుర్ర అడ్డం రాకూడదు, అదే పనితనం. చదువుతూ కొడితే స్పీడు పడిపోతుంది.

ఆ లెక్కనే ఈ తప్పు పడింది.

మాస్టారు బాపట్లలో బాటనీ చెప్పి రిటైరయ్యారు. షాపు యజమాని నాగభూషణరావు ఆయన దగ్గర చదివినవాడే. "నా దగ్గర బాటనీ తప్పి బాగుపడ్డవాడు" అని ఆయనే అందరికీ పరిచయం చేసేవారు. తెలుగు మీడియం పిల్లలకు గైడులు తప్ప గతి లేదని ఆయనకు బాధ. పిట్టలవానిపాలెం నుంచి వచ్చే పిల్లాడు పొలంలో తిరిగిన చేతులతో గైడు పట్టుకుని వరి మొక్క గురించి తప్పులు బట్టీ పడుతుంటే చూడలేక పుస్తకం రాస్తానన్నారు. అచ్చు వేయించనన్నారు. సీడీలో పెట్టి కాలేజీలకు పంచుతాను, నెట్టులో పెట్టిస్తాను, ఎవరి సొత్తూ కాకుండా ఉండాలి అన్నారు. చేతులు వణికేవి, రాయలేరు. అందుకని పాసింజర్ బండిలో తెనాలి వచ్చి, ఉమారాణి పక్కన చెక్క కుర్చీలో కూర్చుని, పాత ఆన్సరు పేపర్ల వెనక గీసుకున్న నోట్సు చూస్తూ చెప్పేవారు. ఆమె కొట్టేది. ఫ్యాను గాలికి ఆ కాయితాలు ఎగిరిపోతుండేవి. పాఠం చెప్పే గొంతుతోనే, స్వరం మార్చకుండా, ఫ్యాను తగ్గించమనేవారు. ఒకసారి ఆ మాట కూడా వేళ్ళలోకి దిగిపోయింది.

ప్రూఫు చదువుతూ ఆయన ఎంత నవ్వారో. "ఇక్కడ బాగా కుదిరిందే ఉమమ్మా, ఏ పిల్లాడూ కనిపెట్టలేడు" అన్నారు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. దిద్దిన ఫైలు వేరే పేరుతో దాచమని, తప్పున్నది కూడా ఉంచమని ఆయనే చెప్పారు. "నేను నీ దగ్గరికొచ్చానని గుర్తుంటుంది" అన్నారు. దిద్దినదే సీడీలకెక్కింది. దాని మొదటి పేజీలో ఆయన రాయించిన మాటలు ఆమెకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'ఈ పుస్తకం ఎవరైనా తీసుకోవచ్చు. కాపీ చేసుకోవచ్చు. తప్పులుంటే దిద్దుకోవచ్చు. నా పేరు చెబితే సంతోషం. తాళం మాత్రం వెయ్యకూడదు.'

జీవితంలో ఆమె కొడుతూ చదివిన పుస్తకం అదొక్కటే.

ఉమారాణి కంప్యూటర్ ముందు కూర్చుని రెండు ఫైళ్ళూ తెరిచింది. దిద్దినదాంట్లో ఆ మాట లేదు. దిద్దనిదాంట్లో ఉంది. అంటే గైడుకి పోయింది సీడీలోది కాదు. తప్పున్న ప్రతులు లోకంలో రెండే. ఒకటి ఈ కంప్యూటర్లో, ఒకటి బాపట్లలో మాస్టారి ఇంట్లో ప్రూఫుల కట్టగా. బాపట్ల కట్టే బయటికి పోయి ఉండాలని ఆమె గట్టిగా కోరుకుంది. ఎందుకంటే ఈ కంప్యూటర్ తాకేది ఇద్దరే. తను, తను బాబాయ్ అని పిలిచే నాగభూషణరావు.

దిద్దిన పుస్తకాన్ని ఖాళీ సీడీ మీదికి ఎక్కించి వైదేహి చేతిలో పెట్టింది. మాస్టారి పేరు దాని మీద స్కెచ్‌పెన్నుతో రాసింది.

"ఇది జిరాక్సు తీస్తే నేరం కాదు. క్లాసంతా కాపీ చేసుకోండి."

"సారు చూస్తే?"

"చూడనీ. వైరస్సొచ్చిందని చెప్పు."

నాగభూషణరావు కాగితం కోసం విజయవాడ వెళ్ళాడు, సాయంత్రానికి గాని రాడు. ఉమారాణి షట్టరు దించి తాళం వేసింది. పక్క బడ్డీకొట్టు ఆయన "ఏంటమ్మాయ్, ఎవరన్నా పోయారా" అని అడిగాడు. ఆమె షట్టరు దించడం ఆయన ఎప్పుడూ చూడలేదు మరి.

బాపట్ల వెళ్ళే పాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, సంచిలోని జిరాక్సు పేజీని ఆమె వేళ్ళతో తడుముతూనే ఉంది. నాట్లు పడిన మడులు వెనక్కి పోతున్నాయి. రవిశంకర్ ఆమెకు తెలుసు. మాస్టారి శిష్యుడే. సీడీ ఇచ్చిన రోజు షాపుకొచ్చి మాస్టారి కాళ్ళకు దండం పెట్టాడు కూడా. వంగి పాదాలు తాకిన చేత్తోనే పేరు గీకేశాడు. తెలియని దొంగయితే ఇంత మంట ఉండేది కాదు.

మాస్టారి భార్య దుర్గాంబ తలుపు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నువ్వా ఉమా. రా తల్లీ. నిన్నటి నుంచి ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రి వద్దంటారు. మొన్న రవిశంకర్ వచ్చి చూసి వెళ్ళాడు. బత్తాయిలు తెచ్చాడు, శాలువా కప్పాడు. ఈ ఉక్కలో శాలువా."

ఆ శాలువా మంచం కోడు మీద వేలాడుతోంది. కవరు మడతలు ఇంకా పోలేదు.

"పిన్నిగారూ, ప్రూఫుల కట్ట ఎక్కడుంది?"

"బీరువాలో. ఎందుకూ?"

"ఎవరైనా అడిగారా? రవిశంకర్ గారు గాని?"

"ఎవరూ అడగలా. అడిగినా నేనియ్యను. నా పాత చీర చెంగుతో కట్టాను, ముడి నేనే వేశాను. చూస్తావా?"

చూసింది. చీర చెంగు రంగు వెలిసి ముడి బిగుసుకుపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ విప్పని ముడి. విప్పాలంటే పళ్ళతో లాగాలి. ఉమారాణి కట్టను మళ్ళీ బీరువాలో పెట్టి తలుపు మూసింది. ఇక మిగిలింది షాపు ఒక్కటే.

మాస్టారు గోడకి దిండ్లు ఆనించుకుని కూర్చున్నారు. మెడ నరాలు పైకి తేలి, ఊపిరికీ ఊపిరికీ మధ్య భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఒళ్ళంతా సగమైంది. ఆమెను చూసి కళ్ళతో గుర్తుపట్టారు.

చెప్పాలని వచ్చింది. మీ పుస్తకం దొంగలెత్తుకుపోయారు, తాళం వేశారు, మీ పేరు తుడిచేశారు, మీరు నన్నడిగిన మాటకి మార్కులేస్తున్నారు అని ముఖాన అరవాలని వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టింది కూడా.

"పిల్లలు... పుస్తకం... తెరుస్తున్నారా?" అన్నారాయన.

చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

"తెరుస్తున్నారండి. పొద్దునే రేపల్లె అమ్మాయొచ్చింది. క్లాసంతా అదే చదువుతున్నారంట."

ఆయన కళ్ళు మూసుకుని తలాడించారు. కాస్సేపటికి పెదవులు కదిలాయి. ఆమె దగ్గరికి వంగింది.

"ఫ్యాను... కాస్త పెంచమ్మా."

ఆమె లేచి రెగ్యులేటర్ దగ్గరకి వెళ్ళింది. అది చివరిదాకా తిప్పే ఉంది. అయినా దాన్ని పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి వచ్చింది.

"పెంచానండి."

సాయంత్రం తెనాలిలో దిగేసరికి షాపు తెరిచి ఉంది. నాగభూషణరావు కౌంటరు దగ్గర నిలబడి కాగితం కట్టలు దించిస్తున్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, ముందుకు తోసుకొచ్చిన పొట్ట, నుదుటి మీద చెరిగిన విభూతి. ఉమారాణి పురిటికి ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయన స్కూటరు మీదే.

"ఎక్కడికెళ్ళావమ్మాయ్? పెళ్ళికార్డువాళ్ళు వచ్చి తలుపు తట్టి పోయారంట."

"బాపట్ల."

ఆయన చేతిలో కట్ట ఒక్క క్షణం ఆగింది. అదే చాలు ఆమెకి. నోరు తెరవబోయేంతలో ఆయన సెల్లు మోగింది.

"ఆ, చెప్పండి రవిశంకర్ గారూ... అయ్యో... ఎప్పుడు?... ఆ, ఆ. రాసుకుంటున్నా. ఎన్నడుగులు?... మీ ఫోటో మెయిల్లో పంపండి. పొద్దునకల్లా... ఆ, అట్లాగే."

ఫోను పెట్టి, ఆయన ఆమె వైపు చూడకుండా అన్నాడు. "సీతారామాంజనేయులు మాస్టారు పోయారంట ఉమా. ఇందాకే. రవిశంకర్ ఫ్లెక్సీ చెప్పాడు, రేపల్లెలో కాలేజీ గేటుకి కట్టడానికి. అర్జంటు."

పోయారు అన్న మాట ఫ్లెక్సీ ఆర్డరులో కలిసి వచ్చింది. ఆమె ఏడవలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కనున్న చెక్క కుర్చీని కొంచెం ఇవతలికి జరుపుకుంది.

"చెప్పండి బాబాయ్, కొడతా."

ఆయన చీటీ చూస్తూ చదివాడు. "మా గురువర్యులు, వృక్షశాస్త్ర కోవిదులు, కీర్తిశేషులు సీతారామాంజనేయులు గారికి అశ్రునివాళి. కింద, డాక్టర్ రవిశంకర్. ఆయన పేరు పైదానికంటే పెద్దగా ఉండాలన్నాడు."

"పెద్దగానా?"

"ఆయన ఫోటో కుడివైపున నిలువునా. మాస్టారిది పైన మూలకి, గుండ్రంగా."

ఆమె కొట్టింది. ఈసారి చదువుతూ కొట్టింది. మాస్టారి పేరు ఫ్లెక్సీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పట్టేంత పెద్దగా పెట్టింది. కింద ఎవరూ చెప్పని మూడు వాక్యాలు చేర్చింది. 'రవిశంకర్ గైడుగా అమ్ముతున్న వృక్షశాస్త్రం రాసింది వీరే. ఎవరైనా తీసుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు. తాళం మాత్రం వెయ్యకూడదు.' రవిశంకర్ ఫోటో కోసం వదలాల్సిన చోట గైడులోని ఆ పేజీని స్కాన్ చేసి అతికించి, ఫ్యాను వాక్యం చుట్టూ ఎర్రగీత గీసింది. గుంటూరులో ఫ్లెక్సీ వేసేవాళ్ళకి మెయిలు పంపింది. పంపాక, తెర ఆయన వైపు తిప్పింది.

నాగభూషణరావు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. చదువుతుంటే మొహం నల్లబడింది.

"ఇదేంటే? పంపకు. ఇది గేటుకి కడితే ఆ మనిషి మన గడప తొక్కుతాడా?"

"తొక్కొద్దు. పంపేశా."

"నీకేమన్నా పిచ్చా? ఫోను చేసి ఆపిస్తా."

"చెయ్యండి." ఆమె సంచిలోంచి జిరాక్సు పేజీ తీసి ఆయన ముందు బల్ల మీద పరిచింది. "చేసే ముందు నాకొకటి చెప్పండి. ఈ తప్పు సీడీలో లేదు. బాపట్లలో కట్టిన ముడి విప్పలేదు, నా కళ్ళతో చూసొచ్చా. ఇంకెక్కడుంది బాబాయ్?"

"ఊరంతా తిరిగిన పుస్తకం. ఎవరి దగ్గరుందో మనకేం తెలుసు."

"ఇంకెక్కడుంది?"

"గొంతు తగ్గించు. జనం చూస్తారు."

"ఆయన చచ్చిపోతూ పిల్లలు చదువుతున్నారా అని అడిగారు. చదువుతున్నారని అబద్ధం చెప్పొచ్చా. పోయే మనిషికి మీ తరఫున నేను అబద్ధం చెప్పా. ఇప్పుడు మీరు నాకు నిజం చెప్పండి."

ఫోను పట్టుకున్న ఆయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. చుట్టూ చూశాడు. కూర్చోడానికి ఆ చెక్క కుర్చీయే కనిపించింది. దాన్ని తాకబోయి మానేసి, కాగితం కట్ట మీద కూలబడ్డాడు. నుదుటి మీది విభూతి చెమటకి కారింది.

"నేనే ఇచ్చా" అన్నాడు చివరికి. "రవిశంకర్ వచ్చి, ఊరికే పంచే పుస్తకమేగా, ఎవరైనా తీసుకోవచ్చని ఆయనే రాశాడుగా, తీసుకుంటే దొంగతనం ఎట్లా అవుద్ది అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. అనిపించేట్టు చేసుకున్నా. వీధికో డీటీపీ వచ్చింది, షాపు ఎత్తేద్దామనుకుంటున్నా అప్పటికి. కాలేజీల ప్రశ్నపత్రాలన్నీ మన షాపుకే ఇప్పిస్తానన్నాడు. రెండేళ్ళుగా నువ్వు కొడుతున్నవన్నీ అవే ఉమా. నీ బువ్వా అదే, నా బువ్వా అదే. సీడీ వెతక్కుండా కంప్యూటర్లో కంటపడ్డ ఫైలే తీశా, అది దిద్దనిదని తెలీదు. మాస్టారి పేరు కొట్టేసింది నేను. తాళం వెయ్యకూడదన్న పేజీ పీకేసింది నేను. రవిశంకర్ పేరున్న పేజీ మటుకు నీ చేతే కొట్టించా. ఒక పెళ్ళికార్డుకీ ఇంకో పెళ్ళికార్డుకీ మధ్యన ఇచ్చా, నువ్వు చదవవని తెలుసు నాకు. మిగతాదంతా ఆదివారం నువ్వు లేనప్పుడు కూచుని నేనే చూసుకున్నా. చూస్తా చూస్తా ఉంటే ఆ లైనొచ్చింది. డిలీట్ మీద వేలు పెట్టా. నొక్కలేకపోయా. పేరు కొట్టేసిన వేలేనమ్మా అది, ఆ ఒక్క మాట మీద కదల్లా. షాపులో నేనొక్కణ్ణే ఉన్నా. లేచెళ్ళి ఫ్యాను తగ్గించొచ్చి కూచున్నా. ఎగరడానికి బల్ల మీద ఒక్క కాయితం కూడా లేదు."